పార్సిల్ మీది చిరునామా

నిరుడు శ్రావణమాసం రావడానికి నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం భోజనాల వేళకు తణుకు నుంచి ఒక ఫోను వచ్చింది. మాట్లాడింది బడిలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన ఒక టీచరు గారు. అప్పటికి నా దగ్గర మూడు చీరలు కొన్నారు. కుశలప్రశ్నలేవీ లేకుండా, గొంతు కాస్త తగ్గించి, "అమ్మా, నేను నీ దగ్గర చిలకాకుపచ్చ చీర తీసుకున్న సంగతి నీకూ నాకూ తప్ప ఇంకెవరికి తెలుసు?" అని అడిగారు. ఆ ప్రశ్నలో నింద లేదు. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అని తప్పించుకునేదాన్నేమో.

జరిగింది ఇది. ముందు రోజు సాయంత్రం, కొరియర్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానంటూ ఒకడు ఆమెకు ఫోను చేశాడు. ఇంటిపేరుతో సహా పేరు చెప్పాడు, గుంటూరు నుంచి చీర వస్తోందన్నాడు, దాని రంగు చెప్పాడు. డోర్ నంబరు సరిగా లేక పార్సిల్ ఆగిపోయిందని, సరిచేయడానికి 5 రూపాయలు కట్టాలని చెప్పి వాట్సాప్‌లో ఒక ఫైలు పంపాడు. ఐదు రూపాయల దగ్గర ఎవరు మాత్రం ఆలోచిస్తారు? ఆమె ఆ ఫైలు నొక్కి యాప్‌ను ఫోనులోకి ఎక్కించుకున్నారు, అడిగిన చోట కార్డు వివరాలు నింపారు. ఫోనుకు వచ్చే మెసేజీలన్నీ ఆ యాప్ అవతలివాడికి చేరవేసింది కాబట్టి, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని బ్యాంకు వాళ్ళు చెప్పిన జాగ్రత్తను ఆమె అక్షరాలా పాటించినా ఫలితం లేకపోయింది. రాత్రి తొమ్మిది దాటాక రెండు విడతలుగా 18,400 రూపాయలు పోయాయి. పొద్దున లేచి మెసేజీలు చూసుకునేదాకా ఆమెకు తెలియదు.

ఆ మనిషి చెప్పిన వివరాలన్నీ నిజాలు కాబట్టే ఆమె నమ్మారు. ఆ నిజాలన్నీ ఒకచోట చేరి ఉన్నది నా దగ్గర.

మాది గుంటూరు, బ్రాడీపేట. ఏడేళ్ళుగా ఇంటి నుంచే మంగళగిరి చీరలు అమ్ముతున్నాను. వారానికి ఒకటి రెండుసార్లు మంగళగిరి వెళ్ళి నేతగాళ్ళ ఇళ్ళలో సరుకు చూసుకుంటాను, ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పెడతాను, డబ్బు యూపీఐలో పడగానే ప్యాక్ చేయించి అరండల్‌పేటలోని కొరియర్‌కు ఇచ్చేస్తాను. మొదట్లో గ్రూపులో ఉన్న ముప్ఫై మందీ చుట్టాలూ వాళ్ళ చుట్టాలూ కాబట్టి నమ్మకం అనే మాటే ఎప్పుడూ రాలేదు. కొనేవారు ముఖపరిచయం లేనివాళ్ళు అయినకొద్దీ ఆ మాట రోజూ రాసాగింది. మంగళగిరి నూలు చీరను అసలుదో కాదో పోల్చుకునేది వేళ్ళతో. గుంట మగ్గం మీద నేసిన బట్ట బిగువు చేతికి తెలుస్తుంది గాని ఫోను తెర మీద తెలియదు. పవర్‌లూమ్ బట్టకు, మంగళగిరి చీరకు గుర్తయిన నిజాం అంచు వేసి ఫోటో తీస్తే నేనే ఒక్కోసారి తడబడతాను. అలాంటప్పుడు రాజమండ్రిలోనో బెంగళూరులోనో కూర్చున్న మనిషి, ఎన్నడూ చూడని నాకు 1,850 రూపాయలు ముందుగా ఎందుకు పంపాలి? "మీరు నిజంగా పంపుతారని ఏమిటి నమ్మకం?" అని ఆ మనిషి అడగడం న్యాయమే.

దానికి ఈ వ్యాపారంలో ఉన్న ఆడవాళ్ళందరం కనిపెట్టుకున్న జవాబు ఒకటే. రోజూ సాయంత్రం ఆ రోజు పార్సిళ్ళన్నీ మంచం మీద వరసగా పేర్చి, పక్కన చీర ఫోటో కనిపించేలా పెట్టి, "ఈ రోజు డిస్పాచ్‌లు" అని స్టోరీ పెట్టడం. డబ్బు అందిన స్క్రీన్‌షాట్లు పెట్టడం. "చీర చాలా బాగుంది అక్కా" అని కొన్నవాళ్ళు పంపిన మెసేజీని, పైన వాళ్ళ పేరుతో సహా, ఫోటో తీసి పెట్టడం. స్టోరీ ఒక్క రోజులో పోతుంది కాబట్టి వాటిని హైలైట్లలో దాచి, పేజీ తెరవగానే కనిపించేలా ఉంచడం. నా పేజీలో అలాంటి హైలైట్లు నాలుగు ఉండేవి, వాటిలో దాదాపు మూడు వందల ఫోటోలు. కొత్తవాళ్ళు ఎవరైనా సందేహపడితే వాటిని చూడమనేదాన్ని. వాళ్ళు చూసేవారు, నమ్మేవారు, డబ్బు పంపేవారు. అలా కొన్నవాళ్ళ పార్సిలు మర్నాడు అదే వరసలో చేరేది.

టీచరు గారి ఫోను పెట్టేశాక నాకు మొదట అనుమానం వచ్చింది కొరియర్ వాళ్ళ మీద, ఆ తరువాత ప్యాకింగుకు వచ్చే అమ్మాయి మీద. ఆ రెండో అనుమానానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. చిరునామాలన్నీ నేను ఫోనులో ఒక షీట్‌లో రాసుకుంటాను, దాని లింకు ఆ అమ్మాయి దగ్గర ఉంది. ఆమెను పిలిచి అడగబోయేముందు, టీచరు గారికి మళ్ళీ ఫోను చేసి, వాడు చదివిన డోర్ నంబరు ఏమిటో గుర్తుందా అని అడిగాను. లెక్కల టీచరు కదా, అంకెలు మరచిపోలేదు. ఇంటి నంబరులో 73 ఉండాల్సిన చోట వాడు 37 అన్నాడని, అందుకే చిరునామా తప్పు పడిందన్న వాడి మాట నిజమనుకున్నానని చెప్పారు. షీట్ తీసి చూస్తే 73 అనే ఉంది. ఆ రోజు పార్సిల్ మీద స్కెచ్ పెన్నుతో చిరునామా రాసింది నేను. స్టోరీ ఫోటోను పెద్దది చేసి చూశాను. నా చేతిరాతలో, ఎంత స్పష్టంగా కావాలంటే అంత స్పష్టంగా, 37 అని ఉంది. పక్కనే చిలకాకుపచ్చ చీర.

నన్ను నమ్మండి అని చూపించడానికి నేను పెట్టిన ఫోటోయే ఆమెను మోసగాడికి పట్టిచ్చింది. కొరియర్ వాడూ కాదు, ఆ పిల్లా కాదు.

అప్పటికి మధ్యాహ్నం రెండున్నర. ఏం చేయాలో తెలిసినంతవరకు చేశాం. సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కు ఫోను చేయించాను, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించాను, బ్యాంకుకు వెళ్ళి కార్డు ఆపించి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇమ్మన్నాను. మాయమైన డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారుతూ పోతుంది కాబట్టి, దారిలో ఎక్కడో ఒకచోట ఆపగలిగితేనే దక్కుతుంది. రాత్రే తెలిసి ఉంటే అంతా ఆగేదేమో. 7,000 రూపాయలు మాత్రం ఒక ఖాతాలో చిక్కాయి. మిగతాది ఏటీఎంలో తీసేశారు. చిక్కిన 7,000 కూడా పోలీసులు రాసి, కోర్టు ఉత్తర్వు ఇస్తే గాని ఆమెకు తిరిగి రాదని అప్పట్లో చెప్పారు.

బ్యాంకు సంగతి వేరు. ఖాతాదారుకు తెలియకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీల మీద రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఒక సర్క్యులర్ ఇచ్చింది. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మధ్యలో మూడోవాళ్ళదైతే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేసినవారికి నష్టం అంటకూడదని అందులో ఉంది. అదే సర్క్యులర్‌లో, ఖాతాదారు అజాగ్రత్త వల్ల జరిగితే, ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా ఖాతాదారే భరించాలనీ ఉంది. కార్డు వివరాలు తన చేత్తో నింపింది కాబట్టి అజాగ్రత్త అన్నది బ్యాంకు వాదన. ఇంటి చిరునామా, చీర రంగు సహా చెప్పినవాణ్ణి నమ్మడం అజాగ్రత్త ఎలా అవుతుందన్నది ఆమె వాదన. నేను ఆమె పక్షమే, కాని అది తేలే సరికి ఎన్ని పండుగలు గడుస్తాయో చెప్పలేను.

ఆ ఆదివారం మా పెద్దమ్మ కొడుకు ఇంటికి వెళ్ళాను. గుంటూరు కోర్టులో ప్లీడరు. ఎక్కువగా చూసేది సివిలు దావాలే గాని చట్టం ఏదైనా మూలం తెరిచి చదవందే మాట్లాడడు. సంగతంతా విని, "నువ్వు చేసింది నేరమా అంటే కాదమ్మా, బాధ్యత లేదా అంటే ఉంది. ఆ రెండిటికీ మధ్యనే ఇరుక్కున్నావు," అన్నాడు.

ఆయన చెప్పగా నాకు అర్థమైనది, తరువాత నేను చదువుకుని సరిచూసుకున్నది కలిపి రాస్తున్నాను. 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం పుట్టింది గోప్యత కోసం కాదు. కాగితం లేని రాతకు, సిరా లేని సంతకానికి చెల్లుబాటు ఇవ్వడం కోసం, కంప్యూటరులో జరిగే నేరాలకు పేర్లు పెట్టడం కోసం. వ్యక్తిగత సమాచారం అనే ఆలోచన అందులోకి 2008 సవరణతో వచ్చింది. అప్పుడు చేర్చిన 43ఏ సెక్షను ప్రకారం, వ్యాపారం చేసే సంస్థ ఏదైనా తన దగ్గరున్న సున్నితమైన వ్యక్తిగత సమాచారాన్ని కాపాడటంలో అజాగ్రత్తగా ఉండి ఎవరికైనా నష్టం కలిగిస్తే పరిహారం ఇవ్వాలి. సంస్థ అంటే పెద్ద కంపెనీయే కానక్కరలేదు, ఒక్కరే నడుపుకునే వ్యాపారమూ అందులోకి వస్తుంది. అంటే మంచం మీద పార్సిళ్ళు పేర్చుకునే నేను కూడా.

అయితే ఏది సున్నితం? దానికి 2011లో నియమాలు చేశారు. పాస్‌వర్డు, బ్యాంకు ఖాతా కార్డుల వివరాలు, ఆరోగ్య పరిస్థితి, వైద్య రికార్డులు, లైంగిక ప్రవృత్తి, వేలిముద్రల వంటి బయోమెట్రిక్ వివరాలు అని జాబితా రాశారు. పేరు, ఇంటి చిరునామా, ఫోను నంబరు ఆ జాబితాలో లేవు. టీచరు గారి కొంప ముంచినవి సరిగ్గా ఆ మూడే. తాళంచెవిని జాగ్రత్త చేయమన్న చట్టం, వీధి, ఇల్లు, ఇంట్లో ఎవరుంటారు అన్నవి చాటింపు వేస్తే పట్టించుకోలేదన్నమాట. అదే సవరణతో వచ్చిన 72ఏ సెక్షను ఇంకొంచెం దగ్గరగా వస్తుంది. ఒప్పందం ప్రకారం చేతికి వచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని సమ్మతి లేకుండా బయటపెడితే మూడేళ్ళ వరకు జైలు ఉంది. కాని అక్కడ నష్టం కలిగించాలన్న ఉద్దేశం గానీ, కలుగుతుందన్న ఎరుక గానీ ఉండాలి. నాకు ఆ రెండూ లేవు. నాకు ఉన్నదల్లా పార్సిళ్ళు ఎక్కువగా కనిపించాలన్న ఆశ.

"మరి గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది కదా?" అన్నాను. చెప్పింది. 2017 ఆగస్టు 24న, కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్.పుట్టస్వామి వేసిన కేసులో, తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా, అది రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవన స్వేచ్ఛలలో భాగమేనని అన్నారు. అయితే ప్రాథమిక హక్కును ముఖ్యంగా ప్రభుత్వానికి ఎదురుగా నిలబెట్టుకుంటాం. తణుకులో కొన్న మనిషికీ గుంటూరులో అమ్మిన మనిషికీ మధ్య జరిగే దానికి విడిగా ఒక చట్టం కావాలి. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో ముసాయిదా ఇవ్వడం, 2019లో పెట్టిన బిల్లును 2022లో వెనక్కి తీసుకోవడం, చివరికి 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం రావడం అదంతా ఒక పెద్ద ప్రయాణం. మేం మాట్లాడుకున్న నాటికి చట్టం ఉంది గాని అమల్లో లేదు. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. ఉల్లంఘనలు విచారించి జరిమానాలు వేసే డేటా పరిరక్షణ బోర్డు ఏర్పాటు వంటివి వెంటనే, అసలు బాధ్యతలన్నీ 18 నెలల తరువాత, అంటే 2027 మేలో మొదలవుతాయి.

ఈ కొత్త చట్టం సున్నితం, మామూలు అని తేడా పెట్టలేదు. మనిషిని గుర్తుపట్టగలిగే సమాచారం డిజిటల్ రూపంలో ఉంటే చాలు, లోపలికి వస్తుంది. ఆ సమాచారాన్ని ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవారిని డేటా ఫిడ్యూషియరీ అంటుంది. ఆ మాటకు సరైన తెలుగు ఏమిటని అన్నయ్యను అడిగితే కాసేపు ఆలోచించి, "ఊరెళ్తూ ఇంటి తాళం పక్కింట్లో ఇచ్చిపోతాం చూడు, ఆ పక్కింటివాళ్ళు," అన్నాడు. నేను చదివిన ఏ అనువాదమూ ఇంతకంటే బాగా చెప్పలేదు. తాళం పుచ్చుకున్నవాళ్ళు ఇంకెవరి చేతికైనా ఇస్తే, అక్కడ పోయినా జవాబు చెప్పాల్సింది పుచ్చుకున్నవాళ్ళే. కొరియర్ మీదికో ప్యాకింగు అమ్మాయి మీదికో నేను తోయడానికి ఈ చట్టం కింద వీలు లేదు.

చట్టంలోనే ఇచ్చిన ఉదాహరణ ఒకటి నాకు బాగా నచ్చింది. ఒకావిడ మందుల దుకాణంలో మందులు కొని, డబ్బు అందినట్టు మెసేజీ పంపమని తనంతట తాను ఫోను నంబరు ఇస్తుంది. దుకాణదారు ఆ నంబరును రసీదు పంపడానికి వాడుకోవచ్చు. ఉదాహరణ అక్కడితో ఆగిపోతుంది. ఏ పనికి ఇచ్చిందో ఆ పనికే. ఇక్కడ విజయవాడలో బట్టల షోరూములకు వెళితే బిల్లు కౌంటరులో నంబరు చెప్పందే కంప్యూటరు ముందుకు జరగదన్నట్టు మాట్లాడతారు. అలా పట్టుబట్టడం తగదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో వ్యాపారులకు సూచన ఇచ్చింది కూడా. నేను అక్కడ చాలా ధైర్యంగా "నంబరు ఇవ్వను" అనేదాన్ని. ఇంటికి వచ్చి అరవై మంది నంబర్లు స్టోరీలో పెట్టేదాన్ని.

టీచరు గారు చిరునామా ఇచ్చింది చీర చేరడానికి. నా నిజాయతీకి సాక్ష్యంగా వాడుకోమని ఇవ్వలేదు. మా వ్యాపారంలో లోపం ఎక్కడుందో ఆ ఉదాహరణ దగ్గర నాకు స్పష్టంగా కనిపించింది. మేం కొత్తవాళ్ళ నమ్మకాన్ని పాతవాళ్ళ గోప్యతతో కొంటున్నాం. ఖర్చు మాది కాదు కాబట్టి లెక్క రాసుకోవడం లేదు.

మా అమ్మమ్మగారి ఊరు పొన్నూరు దగ్గర. అక్కడికి చీరల మూట భుజాన వేసుకుని వచ్చే వ్యాపారి ఒకాయన ఉండేవాడని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. వాయిదాల మీద ఇచ్చేవాడు, ఖాతా పుస్తకం చంకలో ఉండేది. ఏ ఇంట్లో పెళ్ళి కుదిరింది, ఏ ఇంట్లో బాకీ తీరలేదు, ఏ కోడలు అత్తకు తెలియకుండా చీర పక్కన పెట్టించింది, అన్నీ ఆయనకు తెలుసు. "పక్కింటావిడ ఏం తీసుకుందయ్యా?" అని అమ్మమ్మ అడిగితే "మంచిదే తీసుకున్నారమ్మా" అనేవాడట. ధర అడిగితే మూట కట్టుకునేవాడట. పాతకాలం అంతా బంగారం అని నేననను, ఆయన వడ్డీ మాట అడిగితే అమ్మ వేరే కథలు చెబుతుంది. కాని ఆ ఇంటి మాట ఈ ఇంట్లో చెబితే మర్నాటి నుంచి రెండు ఇళ్ళ తలుపులూ మూసుకుంటాయని ఆయనకు తెలుసు. నాకు ఎవరి ముఖమూ కనిపించదు కాబట్టి, మూసుకున్న తలుపులు ఎన్నో తెలిసేది కాదు.

ఇక పరిహారం మాట. నాకు కొత్త చట్టం మీద ఉన్న అసంతృప్తి ఇక్కడే. సమాచారాన్ని కాపాడటానికి తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా అని పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వచ్చింది. ఆ జరిమానా వెళ్ళేది భారత సంచిత నిధికి. నష్టపోయిన మనిషికి అందులోంచి ఒక్క రూపాయి ఇప్పించే ఏర్పాటు ఈ చట్టంలో లేదు. పైగా పరిహారం ఇప్పించే ఆ పాత 43ఏ సెక్షనును ఈ చట్టమే తీసేస్తోంది. అది ఎంత ఇరుకైన తలుపైనా తలుపే. రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి న్యాయనిర్ణేతగా కూర్చుని 5 కోట్ల రూపాయల దాకా పరిహారం కోరిన కేసులు వినే ఏర్పాటు దానికి ఉంది. అది పోయాక టీచరు గారి వంటివారు వినియోగదారుల కమిషనుకు వెళ్ళాలి, లేదా మామూలు సివిలు దావా వేసుకోవాలి. కాపాడవలసిన మనిషిని బోర్డుకు సమాచారం ఇచ్చే సాక్షిగా నిలబెట్టి, డబ్బు ఖజానాలో వేసుకోవడం నాకు సబబుగా తోచలేదు. తప్పుడు ఫిర్యాదు చేస్తే ఆమెకే 10,000 రూపాయల వరకు జరిమానా అని మాత్రం మరచిపోకుండా రాశారు. అన్నయ్య ఇంత కటువుగా మాట్లాడడు, పెద్ద కంపెనీలు భయపడాలంటే పెద్ద అంకె ఉండాలంటాడు. నాకు కంపెనీల సంగతి తెలియదు, తణుకు సంగతి తెలుసు.

ఆ చట్టంలో ఇంకో బాధ్యత ఉంది. సమాచారం బయటికి పొక్కితే బోర్డుకే కాక, అది ఎవరిదో వాళ్ళలో ప్రతి ఒక్కరికీ తెలియజేయాలి. నిరుడు ఆగస్టుకు ఆ బాధ్యత నా మీద ఇంకా పడలేదు. చెప్పకపోయినా అడిగేవారు లేరు. ఇంట్లో దీని మీద రెండు రోజులు వాదన జరిగింది. "పోయింది ఒక్కరికే కదా, ఆవిడకు నువ్వే సర్దు. మిగతావాళ్ళకు చెప్పి ఉన్న పేరు పోగొట్టుకోవడం దేనికి?" అన్నారు మా వారు. అత్తయ్య గారు మాత్రం, "రేపు ఇంకొకళ్ళకు పోతే ఏమంటావు?" అని ఒక్క మాట అని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

హైలైట్లన్నీ తీసేశాను. అంతకుముందు, వాటిలో చిరునామా చదవడానికి వీలుగా ఉన్నవాళ్ళ పేర్లన్నీ రాసుకుంటే 212 మంది తేలారు. వాళ్ళలో ఒక్కొక్కరికీ విడివిడిగా మెసేజీ పంపాను. మీ పార్సిల్ ఫోటో ఫలానా తేదీన నా పేజీలో పెట్టాను, అందులో మీ పేరు, చిరునామా, ఫోను నంబరు కనిపించాయి, ఒకరికి దీనివల్ల నష్టం జరిగింది, కొరియర్ పేరుతో ఎవరైనా ఫోను చేసి డబ్బు అడిగినా ఫైలు పంపినా నమ్మవద్దు, తప్పు నాది అని తెలుగులో రాశాను. తెలుగు అంటే గుర్తుకొచ్చింది, కొత్త చట్టం ప్రకారం సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గాని చదువుకునే వీలు ఇవ్వాలి. సంతకం పెట్టించుకునే కాగితం చదవగలిగే భాషలో ఉండాలన్న మాట చట్టంలోకి రావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

జవాబులు నేను అనుకున్నట్టు రాలేదు. సగం మందికి పైగా చదివి ఊరుకున్నారు. పదకొండు మంది తమ వివరాలు తీసేయమన్నారు, తీసేశాను. పన్ను లెక్కల కోసం ఉంచుకోవలసిన బిల్లులు మాత్రం ఉంచుకుంటానని చెప్పాను. నెల్లూరు ఆవిడ ఒకరు గట్టిగా తిట్టారు. భర్తతో విడిపోయి కొత్త ఇంటికి మారారట, ఆ చిరునామా ఎవరికీ తెలియకూడదట. నాకు చీర ఆర్డరు ఇచ్చేటప్పుడు అదంతా చెప్పాల్సిన పని ఆమెకు లేదు. చిరునామా సున్నితమా కాదా అన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఆమె. ఇద్దరు తమకూ అలాంటి ఫోన్లు వచ్చాయని, అనుమానం వచ్చి పెట్టేశామని చెప్పారు. ఒకరు మాత్రం "ఇంకో మూడు పేజీల్లో కొన్నాను, అందరూ ఇలాగే పెడతారు, మీరొక్కరే చెప్పారు" అని రాసి, ఆ వెంటనే రెండు చీరలు ఎంచుకున్నారు. దాన్ని మెచ్చుకోలుగా స్క్రీన్‌షాట్ తీసి పెట్టాలని ఒక్క క్షణం చెయ్యి లేచిన మాట నిజం.

టీచరు గారికి, చిక్కిన 7,000 పోగా మిగిలిన 11,400 నేను ఇస్తానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఫైలు నొక్కింది తానే కాబట్టి సగం తప్పు తనదని లెక్క కట్టి, 5,700 మాత్రం తీసుకున్నారు.

ఇప్పుడు పార్సిల్ మీద పేరు, చిరునామా చేత్తో రాయడం లేదు, లేబులు అంటించి, అది కిందివైపు ఉండేలా సర్దుతున్నాం. ఎవరి పార్సిల్ రసీదు ఫోటో వాళ్ళకే వెళుతుంది. షీట్ లింకు ఎవరికీ లేదు, ప్యాకింగు అమ్మాయికి ఆ రోజు చీటీలు మాత్రమే ఇస్తాను. ఆమెను అనుమానించిన సంగతి చెప్పేశాను. "మీరు అడగకపోయినా నాకు తెలిసిపోయిందక్కా, ఆ రోజు నా వైపు చూడలేదు మీరు," అంది. చీర చేరిన పదిహేను రోజులకు, మార్పిడి గడువు తీరాక, చిరునామా తీసేస్తున్నాను. అయినా కొరియర్ లేబులు మీద ఫోను నంబరు పూర్తిగా అచ్చు పడుతూనే ఉంది. భోజనం తెచ్చే యాప్‌లలో డెలివరీ కుర్రాడికి మన నంబరు కనిపించకుండా మధ్యలో వేరే నంబరు కలిపే ఏర్పాటు ఉందని విన్నాక, మా కొరియర్ ఆఫీసులో అడిగాను. కౌంటరులో ఉన్న అబ్బాయి నవ్వి, "నంబరు లేకపోతే ఇల్లు ఎలా దొరుకుతుందండీ, ఇది బ్రాడీపేట కాదు కదా, లైను, అడ్డరోడ్డు చెబితే చాలనడానికి?" అన్నాడు. వాడి మాటా నిజమే.

పోయిన వారం హైదరాబాదు నుంచి ఒక కొత్త ఆవిడ మెసేజీ పెట్టారు. నిజాం అంచు ఉన్న నీలం చీర బాగా నచ్చిందట. "మీ పేజీలో డిస్పాచ్ ఫోటోలు ఒక్కటీ లేవేమండీ? మీరు నిజంగా పంపుతారని ఎలా నమ్మాలి?" అని అడిగారు. ఎందుకు లేవో రాశాను. కావాలంటే మగ్గం దగ్గర నిలబడి వీడియో కాల్ చేస్తానన్నాను, డబ్బు చీర చేరాక ఇచ్చినా సరేనన్నాను. రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు, చీర ఇంకా బీరువాలోనే ఉంది.